రెండు బిళ్లలు

రాత్రి తొమ్మిదిన్నర. 2010 అక్టోబరు 26, మంగళవారం. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందు, మూడో అంతస్తు. మెట్ల పక్క గోడంతా జావా, డాట్‌నెట్, ఒరాకిల్ క్లాసుల కరపత్రాలు. ఒకదాని మీద ఒకటి అంటించీ అంటించీ అట్టలా మందమెక్కాయి. చెప్పులు బయట విడిచి లోపలికి రండి. నాలుగు టేబుళ్లు, ఆరు కంప్యూటర్లు, కిటికీ కింద ఉండుండి కుయ్‌మనే యూపీఎస్. నా మానిటర్ అంచున పసుపు చీటీ ఒకటి అంటించి ఉంది. దాని మీద నాలుగే మాటలు: లాగిన్ తర్వాత కార్ట్ ఖాళీ.

ఫోన్ మోగుతోంది. చీరల కొట్టాయన.

“బాబూ, డాలస్ నుంచి ఆవిడ మళ్లీ చేసింది. మూడు చీరలు బుట్టలో వేసిందట. ఇంకోటి చూద్దామని వెనక్కెళ్లేసరికి బుట్టలో ఏమీ లేదట. ఇలా మూడుసార్లయిందట. దీపావళికి పది రోజులే ఉంది. ఎప్పుడు కొంటుంది, ఎప్పుడు పంపిస్తాను?”

“చూస్తున్నాం సార్. ఈ రాత్రికి తేల్చేస్తాం.”

ఆ కుర్చీ ఇటు లాక్కోండి. ఆవిడ చేసిందే మనమూ చేద్దాం, అడుగు తప్పకుండా.

ఫైర్‌ఫాక్స్ తెరిచాను. కింద సగం తెరలో ఫైర్‌బగ్. బ్రౌజర్ ఏం అడుగుతోందో, సర్వర్ ఏం జవాబిస్తోందో వరసగా అందులో కనిపిస్తుంది. పైన మన కొట్టు. చిరునామా హెచ్‌టీటీపీతో మొదలవుతోంది, తాళం బొమ్మ లేదు. ఎర్ర అంచు గద్వాల చీర నొక్కాను. మంగళగిరివి రెండు. పైన కార్ట్ పక్కన అంకె మూడు అయింది. ఫైర్‌బగ్‌లో కుకీ వరస చూడండి. 32 అక్షరాలూ అంకెలూ కలిసిన గొలుసు, తొమ్మిదితో మొదలవుతోంది.

గుడి ముందు చెప్పుల స్టాండు గుర్తు తెచ్చుకోండి. చెప్పులు అరలో పెట్టి, నంబరున్న బిళ్ల మన చేతికిస్తాడు. దర్శనం చేసుకుని తిరిగొస్తే మన మొహం చూడడు, పేరు అడగడు. బిళ్ల ఇస్తే చెప్పులిస్తాడు. వెబ్ సర్వర్ కూడా అంతే. దానికి జ్ఞాపకం లేదు. పేజీ అడిగిన ప్రతిసారీ మనం దానికి కొత్తవాళ్లమే. 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లి అనే ఇంజినీరు కుకీని తయారు చేసింది ఈ మరుపుకి మందుగానే, అదీ ముఖ్యంగా కొనుగోలు బుట్ట కోసమే. సెషన్ అంటే అరలో ఉన్న చెప్పులు. కుకీ అంటే చేతిలో బిళ్ల. మన చీరలు మూడూ ఇప్పుడు ‘తొమ్మిది’ బిళ్ల మీద ఉన్నాయి.

లాగిన్ నొక్కుతున్నాను. చిరునామా హెచ్‌టీటీపీఎస్ అయింది, తాళం బొమ్మ వచ్చింది. ఇక్కణ్ణుంచి బ్రౌజర్‌కీ సర్వర్‌కీ మధ్య నడిచేదంతా సంకేత భాషలో. దారిలో ఎవరు పట్టి చూసినా అర్థం కాదు. పాస్‌వర్డ్ కొట్టాను. లోపలికెళ్లాం. మళ్లీ కుకీ చూడండి. ‘తొమ్మిది’ పోయింది, ‘నాలుగు’తో మొదలయ్యే కొత్త బిళ్ల వచ్చింది. లాగిన్ అవగానే బిళ్ల మార్చాలి. లేకపోతే అంతకుముందే ఆ నంబరు తెలిసినవాడు మన వెనకే లోపలికొచ్చేస్తాడు. చీరలు మాత్రం పాత అరలోంచి కొత్త అరలోకి మారాయి, మూడూ భద్రం. ఈ కొత్త బిళ్ల పక్కన ఇంకో మాట కూడా ఉంది: సెక్యూర్. తాళం ఉన్న పేజీకి తప్ప ఈ కుకీని ఎక్కడికీ పంపొద్దని బ్రౌజర్‌కి ఆజ్ఞ. రెండు వారాల కింద డబ్బు చెల్లింపుల కంపెనీ పంపిన మనిషి సైటంతా తనిఖీ చేసి ఇది పెట్టించాడు. సరైన పనే చేశాడు.

ఇప్పుడు ఆవిడ నొక్కినదే నొక్కుతున్నాను. ‘ఇంకా చీరలు చూడండి.’

తాళం బొమ్మ మాయమైంది. కార్ట్ పక్కన సున్నా.

ఫైర్‌బగ్‌లో ఆ అభ్యర్థన విప్పండి. కుకీ వరసే లేదు. చీరల పేజీ హెచ్‌టీటీపీ, బిళ్ల తాళం పేజీలకి మాత్రమే. బ్రౌజర్ ఆజ్ఞ పాటించింది, బిళ్ల జేబులోనే ఉంచుకుంది. బిళ్ల లేకుండా వచ్చినవాణ్ణి సర్వర్ ఏం చేస్తుంది? కొత్తవాడనుకుని కొత్త బిళ్ల ఇస్తుంది. జవాబులో అది కూడా కనిపిస్తోంది, ‘ఎఫ్’తో మొదలవుతోంది. కార్ట్ నొక్కి మళ్లీ తాళం పేజీకే వెళ్దాం. అక్కడైనా ‘నాలుగు’ బయటికి రావాలి కదా? రాలేదు. ‘ఎఫ్’ వెళ్లింది. ‘నాలుగు’ ఇక లేదు.

ఇక్కడే నాకు అరగంట పట్టింది. తాళం పేజీల కుకీలు ఒక డబ్బాలో, మామూలు పేజీలవి ఇంకో డబ్బాలో ఉంటాయనుకుంటాం. ఉండవు. కుకీకి పేరూ, సైటూ, దారీ కలిస్తే డబ్బా ఒకటే. తాళం లేని పేజీ ఇచ్చిన ‘ఎఫ్’, తాళం వెనక పుట్టిన ‘నాలుగు’ మీద నేరుగా కూర్చుంది. ఎవరూ ఆపలేదు. కుకీ పుట్టిన రోజు నుంచీ ఉన్న లోపం ఇది. తాళం కనిపెట్టిందీ నెట్‌స్కేపే, బిళ్ల కనిపెట్టిందీ నెట్‌స్కేపే. ఆ రెండింటినీ ఒకదానికొకటి సరిగా పరిచయం చేయలేదు.

మరి చీరలో? పుట్టీ తెరిచి సర్వర్‌లోకి వెళ్దాం. టెంప్ డైరెక్టరీలో సెషన్ ఫైళ్ల వరస. ‘నాలుగు’తో మొదలయ్యేది ఇదిగో, విప్పి చూడండి. గద్వాల ఒకటి, మంగళగిరి రెండు, ఆ పక్కనే నా టెస్టు ఖాతా పేరు. అన్నీ ఉన్నాయి. అడిగేవాళ్లే లేరు. పీహెచ్‌పీ లెక్క ప్రకారం 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు, ఎవరూ ముట్టని సెషన్ చెత్త కింద లెక్క. డాలస్‌లో ఆవిడ మూడుసార్లు ఏరుకున్న చీరలు మూడుసార్లూ ఇలాగే ఈ డైరెక్టరీలో పడి ఉండి, ఊడ్చుకుపోయాయి. ఆవిడ ఎంత సేపు ఏరిందో, ఎవరెవరికి ఏ రంగు అని అనుకుందో ఈ ఫైలులో ఉండదు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. మా సీనియర్, అందరికీ అన్న, మిర్చి బజ్జీల పొట్లంతో వచ్చాడు. నూనె కాగితం విప్పి టేబుల్ మీద పెట్టి, నేను చెప్పింది నిలబడే విన్నాడు.

“ఆ సెక్యూర్ తీసెయ్ తమ్ముడూ. రెండు వైపులా ఒకటే బిళ్ల తిరుగుతుంది.”

ఎవరినడిగినా మొదట చెప్పే మందు ఇదే. ఇంకో మందు కూడా ఉంది, బిళ్ల నంబరుని లింకు చివర తగిలించి ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి మోయడం. అది ఇంకా చేటు. ఆవిడ ‘ఈ చీర ఎలా ఉందే’ అని ఆ లింకుని చెల్లెలికి పంపితే, చీరతో పాటు తన ఖాతా కూడా పంపినట్టే. దాన్ని ఇద్దరం తలూపి పక్కన పెట్టాం.

పదీ ఇరవై. సెట్టింగులో ఒకటిని సున్నా చేశాను. ఫైలు సర్వర్‌కి ఎక్కించాను. మూడు చీరలు, లాగిన్, ‘ఇంకా చీరలు చూడండి.’ కార్ట్ పక్కన మూడు, అలాగే ఉంది. అటూ ఇటూ పదిసార్లు తిప్పాను, మూడు మూడే. బజ్జీ చేతిలోకి తీసుకున్నాను. కొట్టాయనకి ఫోన్ చేద్దామని నంబరు కూడా నొక్కుతున్నాను.

“అన్నా, ఒక్క నిమిషం. ఇది చూడండి.”

మూల టేబుల్ దగ్గర టెస్టింగ్ చూసే అమ్మాయి. తను అడిగిందంటే ఏదో దొరికిందనే లెక్క. తన తెర మీద రెండు రోజుల కిందటి వార్త. మొన్న ఆదివారం, 24న, అమెరికాలో శాన్ డియేగోలో టూర్‌కాన్ అనే సదస్సులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ ఫైర్‌షీప్ అని ఒకటి విడుదల చేశాడు. ఫైర్‌ఫాక్స్‌కి తగిలించుకునే చిన్న జోడింపు. పాస్‌వర్డ్ లేని వైఫై ఉన్నచోట కూర్చుని ఒక బటన్ నొక్కితే, చుట్టుపక్కల ఫేస్‌బుక్, ట్విట్టర్ వాడుతున్నవాళ్ల పేర్లూ ఫొటోలూ పక్క పట్టీలో వరసగా తేలుతాయి. ఒక ఫొటో మీద రెండుసార్లు నొక్కితే మనం ఆ మనిషి ఖాతాలో ఉంటాం. ఒక్క రోజులో లక్షకి పైగా మంది దించుకున్నారు.

“వాళ్ల పాస్‌వర్డ్ ఎలా దొరుకుతోంది?” అన్నాడు అన్న.

“పాస్‌వర్డ్ దొరకట్లేదన్నా. అది తాళంలోనే వెళ్తోంది. తర్వాత పేజీలన్నీ మామూలు హెచ్‌టీటీపీ కదా, కుకీ వాటితో పాటు బయటే తిరుగుతోంది. మనం ఇప్పుడు చేసింది కూడా...”

వాక్యం పూర్తి చేయలేదు. చేయక్కర్లేదు.

మా రూటర్‌కి పాస్‌వర్డ్ లేదు. సిగ్నలు మెట్ల మీదికీ, ఎదురు హాస్టల్ గదుల్లోకీ వెళ్తుంది. చూసి తెలుసుకుందాం అన్నాడు అన్న. పరాయి వాళ్ల జోలికి పోకుండా మా రెండు ల్యాప్‌టాప్‌లే తీసుకున్నాం. నాది ఈ గోడ దగ్గర, టెస్టింగ్ అమ్మాయిది ఆ మూల. తన దాంట్లో లైనక్స్. గాలిలో పోయేదంతా వినేలా వైఫై కార్డుని మార్చి, వైర్‌షార్క్‌లో కుకీ ఉన్న అభ్యర్థనలు మాత్రం చూపించమని చెప్పింది. నేను లాగిన్ అయ్యాను, తాళంతో. తన తెర మీద ఏమీ లేదు. ఇప్పుడు ‘ఇంకా చీరలు చూడండి’ నొక్కాను. ఒక్క క్లిక్కే.

తన తెర మీద ఒక వరస మెరిసింది. నా బిళ్ల నంబరు, 32 అక్షరాలు, మొదటి నుంచి చివరి దాకా.

దాన్ని తన ఫైర్‌ఫాక్స్‌లో అతికించి పేజీ తిప్పింది. పైన ‘నమస్కారం’ అని నా ఖాతా పేరు. కార్ట్‌లో నా మూడు చీరలు. ‘నా చిరునామా’ నొక్కింది. అది హెచ్‌టీటీపీఎస్ పేజీ, తాళం బొమ్మ చక్కగా వెలుగుతోంది. పాస్‌వర్డ్ అడగలేదు. డాలస్ అని ఉన్నచోట ఎస్సార్ నగర్ అని కొట్టి భద్రపరచు నొక్కింది. ‘మీ చిరునామా మార్చబడింది’ అని ఆకుపచ్చ అక్షరాల్లో వచ్చింది.

ముగ్గురం కాసేపు మాట్లాడలేదు. యూపీఎస్ ఒకసారి కుయ్‌మంది. బజ్జీలు చల్లారిపోయాయి.

పాస్‌వర్డ్ వెళ్లిన దారికి తాళం వేశాం. ఆ పాస్‌వర్డ్‌కి మారుగా ఇచ్చిన బిళ్లని నడిరోడ్డు మీద నడిపించాం. రోడ్డు మీద దొరికిన బిళ్ల తాళం గదిని కూడా తెరుస్తోంది, ఎందుకంటే రెండు చోట్లా బిళ్ల ఒకటే. కార్ట్ ఖాళీ అవడం జబ్బు కాదు. రెండు వారాల కింద తనిఖీ మనిషి పెట్టిన ఆ ఒక్క మాట మా సైటు లోపాన్ని పట్టి చూపిస్తోంది. నేను ఆ మాటనే చెరిపేశాను.

“కార్డు వివరాలు మన దగ్గర లేవు కదా, అవి చెల్లింపుల కంపెనీ పేజీలో కదా” అన్నాను. నా మాట నాకే బలంగా అనిపించలేదు. మన దేశపు కార్డులకైతే 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్‌లో రెండో పాస్‌వర్డ్ ఉండాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం ఉంది. డాలస్ కార్డుకి ఆ నియమం వర్తించదు. కార్డు సంగతి వదిలేసినా, ఒక ఆడమనిషి ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, ఏ రోజు ఏం కొన్నదీ, అన్నీ ఆ పేజీలో ఉన్నాయి. రూటర్‌కి పాస్‌వర్డ్ పెట్టుకుంటే మా ఆఫీసు వరకు బాగుపడుతుంది. ఆవిడ కూర్చున్న కాఫీ షాపు వైఫైకి మేం పాస్‌వర్డ్ పెట్టలేం.

పదకొండున్నర. అన్న మార్కరు తీసుకుని గోడ బోర్డు తుడిచాడు. సైటంతా హెచ్‌టీటీపీఎస్ చేయడమే అసలు మందు, అందులో వాదన లేదు. సర్వర్ మోయలేదన్న భయం అందరికీ ఉంది. కానీ గూగుల్ ఈ జనవరిలో జీమెయిల్ మొత్తాన్ని తాళంలోకి మార్చింది, దానికోసం కొత్త యంత్రాలేమీ పెట్టలేదు. ఆ తాళం పనికి తమ ప్రాసెసర్లలో ఒక శాతం కూడా ఖర్చవట్లేదని వాళ్ల ఇంజినీరు ఆడం లాంగ్లీ జూన్‌లో లెక్క చెప్పాడు. మాకు అడ్డు ఇంకోచోట ఉంది. చీరల ఫొటోలు వందలు. వాటి లింకులన్నీ హెచ్‌టీటీపీ అని పూర్తిగా రాసి పెట్టినవే. తాళం పేజీలో తాళం లేని బొమ్మ ఒక్కటి ఉన్నా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 పేజీ మధ్యలో ప్రశ్న వేస్తుంది, జనం భయపడి వెళ్లిపోతారు. అవన్నీ మార్చి, పరీక్షించి, ఎక్కించడం ఒక్క రాత్రి పని కాదు. దీపావళికి ముందు అసలే కాదు.

“అయితే ఈ రాత్రికి రెండు బిళ్లలు” అన్నాడు అన్న.

బోర్డు మీద రెండు గుండ్రాలు గీశాడు. ఒకటి కార్ట్ బిళ్ల. సెక్యూర్ లేదు, తాళం ఉన్నచోటా లేనిచోటా తిరుగుతుంది. దాని అరలో చీరల నంబర్లు తప్ప ఇంకేమీ ఉండవు, పేరు కూడా ఉండదు. రెండోది మనిషి బిళ్ల. వేరే పేరుతో, సెక్యూర్ గుర్తుతో, లాగిన్ అయ్యాకే పుడుతుంది, తాళం దాటి అడుగు బయట పెట్టదు. చిరునామా, ఆర్డర్లు, చెల్లింపు, వీటిలో ఏది ముట్టాలన్నా రెండోది చూపించాలి. పేర్లు వేరు కాబట్టి ఒకదాని మీద ఒకటి కూర్చోదు. బయట ఎవరైనా మొదటి బిళ్ల కాజేస్తే ఏం చూస్తాడు? ఎవరో గద్వాల చీర ఏరుకున్నారని చూస్తాడు. ఎవరో తెలియదు. అమెజాన్ కూడా అప్పట్లో ఈ దారిలోనే నడిచేది. మామూలు పేజీల్లో మనల్ని పలకరించేది, కొనేటప్పుడు మాత్రం మళ్లీ పాస్‌వర్డ్ అడిగేది.

మేం ఆ పలకరింపు కూడా తీసేశాం. చీరల పేజీల పైన ‘నమస్కారం ఫలానా గారూ’ అని ఉండేది, కొట్టాయన ముచ్చటపడి పెట్టించుకున్నది. తాళం లేని పేజీ మీద పేరు కూడా ఉండకూడదన్నాడు అన్న. ఉదయం ఆయనకి నేనే చెప్పుకోవాలి.

పన్నెండు నుంచి కీబోర్డుల చప్పుడే. కార్ట్‌ని సెషన్ ఫైలులోంచి తీసి మైఎస్‌క్యూఎల్ పట్టికలోకి మార్చాను. అక్కడైతే 24 నిమిషాల గడువు ఉండదు, నెల రోజులైనా చీరలు నిలిచి ఉంటాయి. లాగిన్ అవగానే ఆ కార్ట్ మనిషి ఖాతాకి ముడిపడుతుంది. టెస్టింగ్ అమ్మాయి ప్రతి తాళం పేజీనీ ఒక్కొక్కటిగా, కార్ట్ బిళ్ల మాత్రం ఇచ్చి తట్టి చూస్తోంది. రెండున్నరకి ఒకటి తెరుచుకుంది. ఆర్డరు రసీదు ముద్రించే పేజీ, అందరం మర్చిపోయినది. చిరునామా అంతా అందులో ఉంది. దాన్నీ మూశాం. నాలుగింటికి మళ్లీ ల్యాప్‌టాప్‌లు చెరో మూల పెట్టాం. నేను లాగిన్ అయ్యాను, చీరల పేజీకి వెళ్లాను. తన తెర మీద కార్ట్ బిళ్ల మెరిసింది. అతికించింది. మూడు చీరలు కనిపించాయి. ‘నా చిరునామా’ నొక్కింది. లాగిన్ పేజీ వచ్చి నిలబడింది.

మళ్లీ నొక్కింది. మళ్లీ లాగిన్ పేజీయే.

నాలుగూ నలభై. డాలస్‌లో సాయంత్రం ఆరు దాటింది. కిటికీ అవతల పాల వ్యాను డబ్బాలు దించుతోంది. ఆర్డర్ల మెయిల్ పెట్టెలో ఒకటి వచ్చి పడింది. గద్వాల ఒకటి, మంగళగిరి మూడు. నాలుగోది కూడా చూసుకుంది ఆవిడ, వెనక్కెళ్లి.

రెండు బిళ్లలతో పని పూర్తయిందని ఆ రాత్రి మేమెవరం అనుకోలేదు. మాక్సీ మార్లిన్‌స్పైక్ 2009లోనే ఎస్‌ఎస్‌ఎల్‌స్ట్రిప్ చూపించాడు. మధ్యలో కూర్చున్నవాడు లాగిన్ లింకులోని హెచ్‌టీటీపీఎస్‌నే హెచ్‌టీటీపీగా మార్చేస్తే, ఆ మనిషి తాళం గదికి చేరనే చేరదు. తాళం లేని పేజీ ఒక్కటి మిగిలినా ఈ దారి తెరిచే ఉంటుంది. సంక్రాంతి లోపు చీరల ఫొటోలతో సహా సైటంతా తాళంలోకి మార్చేశాం. కార్ట్ బిళ్లకి కూడా సెక్యూర్ పెట్టాం. అటూ ఇటూ దాటే పని లేకపోయాక, దాటేటప్పుడు జారిపోయే సమస్యా లేదు.

తర్వాత లోకం కూడా అటే నడిచింది. ఫేస్‌బుక్ 2011 జనవరిలో తాళాన్ని కోరుకున్నవాళ్లకి ఇచ్చింది, 2013 నాటికి అందరికీ వేసింది. ఈ సైటుకి తాళం లేకుండా రానేరావొద్దని బ్రౌజర్‌కి ముందే చెప్పే హెచ్‌ఎస్‌టీఎస్ 2012 నవంబరులో ప్రమాణమైంది. 2015 డిసెంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు అందరికీ ఉచితంగా దొరకడం మొదలైంది. 2018 జులై నుంచి క్రోమ్ తాళం లేని సైట్ల పక్కన ‘సురక్షితం కాదు’ అని రాస్తోంది. తాళం లేని పేజీ సెక్యూర్ కుకీ మీద కూర్చోవడాన్ని కూడా బ్రౌజర్లు ఆపేశాయి. ‘ఎఫ్’ ఇవాళ ‘నాలుగు’ని తుడవలేదు.

ఒకటి మాత్రం మారలేదు. సెక్యూర్ గుర్తు దానంతటది రాదు, రాసేవాళ్లే పెట్టాలి. మా సైటంతా హెచ్‌టీటీపీఎస్సే, హెచ్‌టీటీపీకి వచ్చినవాళ్లని అటు మళ్లిస్తున్నాం, ఇంకేం భయం అని చాలామంది అంటారు. మళ్లించేది మొదటి అభ్యర్థన సర్వర్‌కి చేరాక. గుర్తు లేని కుకీ ఆ మొదటి అభ్యర్థనతోనే తాళం లేకుండా బయటికి వెళ్లిపోయి ఉంటుంది. పాత లింకు ఒక్కటి చాలు, పాత మెయిల్లోదో, గోడ మీద అంటించిన కాగితంలోదో.

కాలేజీ ఫీజుల సైటైనా, గుడి గదుల బుకింగైనా, మీ ఊరి చీరల కొట్టైనా, మీ చేతిలో ఒక సైటు ఉంటే దాన్ని క్రోమ్‌లో తెరిచి లాగిన్ అవ్వండి. ఎఫ్12 నొక్కి, అప్లికేషన్ అన్నచోట కుకీల పట్టిక చూడండి. అందులో సెక్యూర్ అని ఒక నిలువు వరస ఉంటుంది. మీ లాగిన్ కుకీకి ఎదురుగా ఆ గడిలో టిక్కు లేకపోతే, ఈ రాత్రి పడుకునే ముందే పెట్టించండి.